బరువున్న బొమ్మ

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'లో రాకుమారుడు ఆగమనగానే ఆగడు. పరుగులో ఉండగా కీ మీంచి వేలు తీసేస్తే, ఎత్తిన కాలు దించి, ఒళ్లు వెనక్కి వాల్చి, పాదాలు నేలకి తన్నిపట్టి, కాస్త జారి, అప్పుడు నిలబడతాడు. పరిగెత్తుతూ వెనక్కి తిరగమంటే ముందు ఆ ఊపు చంపుకోవాలి, ఆ తర్వాతే ఒళ్లు తిరుగుతుంది. నిలబడ్డచోటి నుంచి దూకమంటే మోకాళ్లు వంచి, చేతులు ఊపి, అప్పుడు లేస్తాడు. వీటన్నిటికీ పట్టేది సెకనులో కొంత భాగమే. ఆ కొంత భాగంలోనే ఈ ఆట గొప్పతనమంతా ఉందని నా నమ్మకం.

ఇది 1989లో వచ్చింది, ఆపిల్ టూ కంప్యూటర్ మీద. ప్రోగ్రాం రాసిందీ, బొమ్మలు గీసిందీ, లెవెళ్లు కట్టిందీ జోర్డన్ మెక్నర్ అనే ఒక్క మనిషి. ప్రచురించింది కాలిఫోర్నియాలోని బ్రోడర్‌బండ్. మరుసటి ఏడు డాస్ మీదికి వచ్చింది. మా తరంలో తెలుగునాట చాలామంది చూసింది ఆ డాస్ రూపమే. కంప్యూటర్ కోర్సులు నేర్పే చోట, క్లాసు అయిపోయాక, ఎవరో ఫ్లాపీలో తెచ్చిన కాపీ. నేనూ అలాగే మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా లెక్కలేనన్ని ఆటలు ఆడాను. పెద్ద పెద్ద స్టూడియోలు వందలమందితో తీసినవి, గడ్డిపోచ నీడ కూడా కదిలేవి ఎన్నో చూశాను. అయినా ఒక ఒంటి బరువుని నా వేళ్లలో ఇంతగా తెలియజేసిన ఆట మరొకటి దొరకలేదు.

ఆ బరువు ఎలా వచ్చిందో చెప్పాలంటే 1985కి వెళ్లాలి. మెక్నర్‌కి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే 'కరాటెకా' అనే ఆట చేసి పేరు తెచ్చుకున్నాడు. కొత్త ఆటకి ఆయన తమ్ముడు డేవిడ్‌ని పట్టుకున్నాడు. తెల్లబట్టలు వేయించి, న్యూయార్క్ రాష్ట్రంలో వాళ్ల ఇంటి దగ్గరున్న రీడర్స్ డైజెస్ట్ ఆఫీసు పార్కింగ్ స్థలంలో పరిగెత్తించాడు, దూకించాడు, గోడ ఎక్కించాడు, వేలాడించాడు. అదంతా వీడియో కెమెరాతో తీశాడు. ఆ పాత టేపు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. బడి వయసు కుర్రాడు ఉత్సాహంగా దూకుతుంటాడు. అందులో పర్షియా ఛాయ ఏ కోశానా లేదు. కానీ ఆట తెలిసినవాళ్లకి ఆ టేపు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ చేయి ఊపు, దిగినప్పుడు ఆ మోకాళ్ల మడత, అన్నీ మనకి కొట్టినపిండే.

టేపులో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించడమే అసలు పని. ఇప్పటిలా ఒక తీగ తగిలిస్తే అయిపోయేది కాదు. టేపుని వీసీఆర్‌లో పెట్టి, ఫ్రేము ఫ్రేముకీ ఆపి, చీకటిగదిలో టీవీ తెరనే మామూలు ఫిలిం కెమెరాతో ఫొటో తీశాడు. ఆ ఫొటోలు కడిగించి తెచ్చి, ఒక్కొక్క దాని మీదా నల్ల మార్కరుతో, తెల్ల కరెక్షన్ ద్రవంతో మనిషి ఆకారం మాత్రమే మిగిలేలా దిద్దాడు. ఆ నీడబొమ్మల్ని వరసగా అంటించి, జిరాక్స్ తీసి, ఆ కాగితాన్ని మళ్లీ వీడియో కెమెరా ముందు పెట్టి కంప్యూటర్‌లోకి పంపాడు. అక్కడికీ పని అయిపోలేదు. వచ్చిన గజిబిజి మరకల్ని చుక్క చుక్కగా శుభ్రం చేసుకోవాలి. మనిషిని తీసిన ఫిలిం మీంచి గీత గీసుకుని బొమ్మని కదిలించే ఈ పద్ధతిని రోటోస్కోపింగ్ అంటారు. 1915 ప్రాంతంలో మాక్స్ ఫ్లైషర్ కార్టూన్ సినిమాల కోసం కనిపెట్టినది. దాన్ని ఇంటి కంప్యూటర్‌లోకి దించడానికి మెక్నర్ పడిన పాట్లు చూస్తే, అది ప్రోగ్రామింగ్ కంటే చేతిపనికే దగ్గర అనిపిస్తుంది. తోలు బొమ్మలు కత్తిరించే మన కళాకారుడిలాగే ఆయనకీ పక్కచూపు ఆకారమే ముడిసరుకు. ముఖంలో ఏమీ కనపడదు కాబట్టి, చెప్పదలుచుకున్నదంతా వెన్నూ మోచేయీ మోకాలే చెప్పాలి.

చేతికి వచ్చిన మనిషి తెరమీద కాస్తంత ఎత్తు. తెల్లబట్టలు, పసుపు జుట్టు. కళ్లూ ముక్కూ అని చెప్పుకోదగ్గవి లేవు. అయినా కదిలాడంటే మనిషే.

ఇంత నిజంగా కదిలే బొమ్మ వల్ల ఆటకి ఒక చిక్కు వస్తుంది. ఆడేవాడికి కావలసింది చటుక్కున జరిగే పని. కీ నొక్కగానే దూకాలి. నిజమైన మనిషి అలా దూకలేడు, ముందు వంగాలి. నిజాన్ని పట్టుకుంటే వేలికి విసుగు, వేలికి లొంగితే బొమ్మలో నిజం పోతుంది. నాలుగేళ్ల ముందు వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' వేలి పక్షం తీసుకుంది. మారియో గాల్లో ఉన్నప్పుడు కూడా మనం అటూ ఇటూ తిప్పవచ్చు. అది మరో రకం నైపుణ్యం, దానికీ నేను దణ్ణం పెడతాను. మెక్నర్ ఒంటి పక్షం తీసుకున్నాడు. రాకుమారుడు ఒకసారి నేల విడిచాడంటే ఆ గెంతు అతనిదే. మనం చేయగలిగిందల్లా అవతలి అంచు అందేలోపు పట్టు కీ నొక్కి, వేళ్లతో అంచు పట్టుకునేలా చేయడం. అందితే వేలాడతాడు, లేకపోతే పడతాడు.

ఈ నిర్ణయం తీసుకున్నాక మిగిలిన ఆటనంతా దాని చుట్టూ అల్లుకొచ్చిన తీరు నాకు మహా ముచ్చట. దూకడానికి సమయం పడుతుంది కాబట్టి ఆడేవాడు ముందుగా ఆలోచించాలి. ఆలోచించాలంటే దూరం కళ్లతో కొలవగలగాలి. అందుకే ప్రతి గదీ అడ్డంగా 10 గళ్లు, నిలువుగా 3 అంతస్తులు. ఎక్కడా అడుగున్నర లేదు, ముప్పావు గోడ లేదు. నిలువు గెంతు ఎంత దూరం పోతుందో, పరుగు గెంతు ఎంత పోతుందో కొద్దిసేపట్లో మనకే వంటబడుతుంది. ఒక అంతస్తు పడితే ఏమీ కాదు, రెండు పడితే ఒంట్లో సత్తువ ఒక పాలు తగ్గుతుంది, మూడు పడితే చస్తాడు. ఈ సూత్రాలేవీ తెరమీద రాసి ఉండవు. పడి తెలుసుకుంటాం. ఒకసారి తెలిశాక ఆట ఎక్కడా మాట తప్పదు. చచ్చిన ప్రతిసారీ తప్పు మనదేనని ఒప్పుకోబుద్ధవుతుంది. ఆటలు చేసేవాళ్లకి ఇంతకంటే కష్టమైన పరీక్ష లేదు.

ఇక జాగ్రత్త అడుగు. షిఫ్ట్ కీ పట్టుకుని కదిపితే రాకుమారుడు పరిగెత్తకుండా ఒక్క అడుగు వేస్తాడు. అంచు దగ్గరికి వస్తే ఆ అడుగు దానంతటదే పొట్టిదవుతుంది, సరిగ్గా చివరన ఆగుతుంది. అగాధం ముందు ఇంకో అడుగు వేయమంటే పాదం చాపి చూసుకుంటాడు. ఇనుప ములుకులు నేలలోంచి లేచే చోట పరిగెత్తితే గుచ్చుకుంటాయి. అడుగులో అడుగు వేస్తే వాటి మధ్య నుంచే నడిచిపోవచ్చు. కదిలే పలక మీద కాలు పెడితే అది ముందు టకటకమంటుంది, తర్వాత ఊడిపడుతుంది. అలా భయాన్నీ తొందరనీ ఒకే కీబోర్డు మీద రెండు వేళ్ల మధ్య పెట్టేశాడు.

శబ్దం గురించి కూడా చెప్పుకోవాలి. ఆపిల్ టూలో ప్రాసెసర్ స్వయంగా స్పీకర్‌ని ఆడిస్తే తప్ప చప్పుడు రాదు. పాట మోగుతూ ఉండగా బొమ్మని సాఫీగా కదిలించడం దాని శక్తికి మించిన పని. కాబట్టి ఆడుతున్నంతసేపూ నేపథ్య సంగీతం లేదు. అడుగుల చప్పుడు, దూరంగా ఊచల గేటు దిగుతున్న గరగర, పలక పడి పగిలిన చప్పుడు, అంతే. కత్తి దొరికినప్పుడు, గెలిచినప్పుడు, చచ్చినప్పుడు మాత్రం రెండు మూడు క్షణాల స్వరం. ఆ స్వరాలు కూర్చింది మెక్నర్ తండ్రి ఫ్రాన్సిస్. యంత్రం బీదతనం వల్ల వచ్చిన ఆ నిశ్శబ్దంలో చెవి పనిచేయడం మొదలవుతుంది. గేటు చప్పుడు విని, అది పూర్తిగా మూసుకోవడానికి ఇంకెంత సేపుందో లెక్కపెట్టుకుంటూ పక్క గదిలోంచి పరిగెత్తుతాం. నిరంతరం సంగీతం మోగించే ఆటలు ఈ సుఖం ఇవ్వలేవు.

బీదతనంలోంచి పుట్టిన అసలు అద్భుతం మరొకటుంది.

మెక్నర్ మొదట అనుకున్న ఆటలో కత్తియుద్ధం లేదు. ఇండియానా జోన్స్ మొదటి సినిమాలో తొలి పది నిమిషాల్లా పరుగూ గెంతూ తప్పించుకోవడమే ఉండాలనుకున్నాడు. బ్రోడర్‌బండ్‌లో సహోద్యోగి టోమీ పియర్స్ మాత్రం పోరు కావాలని పట్టుబట్టింది. ఎదురుగా ఒకడు లేకపోతే ఆట పలచబడుతుందని ఆమె వాదన. మెక్నర్‌కీ అది నిజమేనని లోలోపల తెలుసు. కానీ చోటు లేదు. ఆట నడిచే ఆపిల్ టూ మొత్తం జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. ఇప్పటి సెల్‌ఫోన్‌లో ఒక మామూలు ఫొటో అంతకు ఎన్నో రెట్లు. తమ్ముడి కదలికలే ఆ చోటునంతా తినేశాయి. మరో మనిషికి అన్ని బొమ్మలూ గీసినా పెట్టుకోవడానికి జాగా లేదు.

ఉన్న బొమ్మలతోనే మరో మనిషిని పుట్టించాలి. రాకుమారుడి బొమ్మని ఒక చుక్క పక్కకి జరిపి దాని మీదే వేసి, రెండింటిలో ఒకేలా ఉన్న చుక్కలు ఆరిపోయేలా, తేడా ఉన్నవి మాత్రమే వెలిగేలా ఒక లెక్క కట్టాడు. ప్రోగ్రామర్లు దీన్ని ఎక్స్-ఆర్ అంటారు. యంత్రానికి ఇది వెన్నతో పెట్టిన విద్య, అదనంగా చోటు కూడా దాదాపు అక్కర్లేదు. ఫలితంగా తెరమీద ఒక మెరిసే ఆకారం లేచింది. ఒళ్లు ఖాళీ, అంచు మాత్రం మిణుకుమిణుకుమంటోంది. అది అచ్చం రాకుమారుడిలాగే పరిగెత్తుతుంది, దూకుతుంది. అదే నీడ మనిషి.

వేరే వాడైతే దాన్నొక శత్రువుగా నిలబెట్టి ఊరుకునేవాడు. మెక్నర్ ఆ లెక్కలోని అర్థాన్ని కథలోకి లాగాడు. నాలుగో లెవెల్‌లో బయటికి పోయే దారికి అడ్డంగా నిలువుటద్దం లేస్తుంది. దాన్ని దాటాలంటే పరిగెత్తుకొచ్చి అద్దంలోకే దూకాలి. దూకామా, అవతలి వైపు నుంచి మన ప్రతిబింబం ఇటు బయటపడి పారిపోతుంది. మన ఒంట్లో ఒక్క పాలు సత్తువ మాత్రం మిగులుతుంది. ఐదో లెవెల్‌లో మనం ఎంతో కష్టపడి చేరుకునే మందు సీసాని ఆ నీడ మనిషి కళ్లముందే ఎత్తి తాగేస్తాడు. ఆరో లెవెల్ చివర, మనం దూకబోయే సమయానికి పలక తొక్కి గేటు మూసేసి, కిందికి పడేస్తాడు. చివరికి పన్నెండో లెవెల్‌లో కత్తి పట్టుకుని ఎదురు నిలుస్తాడు. అంతదాకా ఎందరినో పొడిచి వచ్చిన చేయి ఊరుకోదు, పొడుస్తుంది. ఆ పోటు మనకే తగులుతుంది. వాణ్ణి చంపితే మనమూ పోతాం. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. కత్తి దించేయాలి. మనం దించితే వాడూ దించుతాడు. అప్పుడు వాడి మీదికే నడిచి వెళ్తే ఒక్క మెరుపు మెరిసి ఇద్దరూ ఒకరైపోతారు. ఆ తర్వాత ఎదురయ్యే ఖాళీ మీద ధైర్యం చేసి పరిగెత్తితే, పాదం పడినచోటల్లా నేల పుడుతుంది.

ఇందులో ఒక్క మాట సంభాషణ లేదు. ఆడేవాడి వేలికి లెవెల్ మీద లెవెల్‌గా అంటిన అలవాటుని ఆ వేలితోనే మాన్పించాడు. ఇలాంటి ఘట్టం సినిమాకి సాధ్యం కాదు, నవలకీ సాధ్యం కాదు. కత్తి దించే నిర్ణయం పాత్ర తీసుకుంటే మనం చూస్తాం. ఇక్కడ ఆ కీ నొక్కవలసింది మనమే. వీడియో గేమ్ కూడా కళేనా అని అడిగేవాళ్లకి నేను చూపించేది ఈ గది. అదంతా 128 కిలోబైట్ల ఇరుకులోంచి వచ్చిందన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ తర్వాత ఎలాగో ఇంకాస్త చోటు పిండి, కాపలా భటుల్ని కూడా ఇరికించాడు. వాళ్ల కత్తియుద్ధానికి తమ్ముడి టేపు పనికి రాలేదు. 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ చేసే ద్వంద్వయుద్ధంలో ఇద్దరూ పూర్తిగా పక్కకి తిరిగి కనిపించే కొద్ది క్షణాలు దొరికితే, వాటి మీంచి గీసుకున్నాడు. ఫలితం బాగానే ఉంటుంది. కత్తికి కత్తి తగిలే లయ ఉంది, అడ్డుకుని వెంటనే పొడవడంలో రుచి ఉంది. అయితే నా మటుకు ఆటలో బలహీనమైన భాగం ఇదే. లయ ఒకసారి చేతికి వచ్చాక చాలామంది భటులు ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ అడుగుతారు. మూడో లెవెల్‌లో లేచి వచ్చే అస్థిపంజరం మాత్రం మినహాయింపు. కత్తితో చావదు, వెనక్కి నెట్టుకుంటూ పోయి అంచు మీంచి పడేయాలి. తొమ్మిదో లెవెల్‌లో తాగగానే తెరని తలకిందులు చేసే సీసా కూడా నాకు రుచించదు. ఆట అంతా ఒంటి మీద నడుస్తుంటే అది కంటికి చేసిన గారడీ.

ఎనిమిదో లెవెల్‌లోని ఎలుకకి మాత్రం ఎన్ని మార్కులైనా వేస్తాను. గేటు మూసుకుపోయి, చేయడానికి ఏమీ లేక నిలబడిపోతాం. కాసేపటికి, మనం విడిపించడానికి బయల్దేరిన రాకుమారి పంపిన చిన్న తెల్ల ఎలుక పరిగెత్తుకొచ్చి పలక తొక్కుతుంది, గేటు లేస్తుంది. అంతదాకా రాకుమారి గోపురంలో కూర్చుని ఎదురుచూసే బొమ్మ. ఆ ఒక్క ఎలుకతో ఆమెకీ కథలో ఒక పని దక్కింది.

కాలం సంగతి చెప్పకపోతే ఈ పరిచయం పూర్తికాదు. రాకుమారిని బంధించిన మంత్రి జాఫర్, తనని పెళ్లాడుతుందో చస్తుందో తేల్చుకోమని ఆమెకి ఇచ్చిన గడువు ఒక గంట. ఆట గడువూ సరిగ్గా 60 నిమిషాలే. ఎన్నిసార్లు చచ్చినా మళ్లీ ఆ లెవెల్ మొదటికి రావచ్చు, అందుకు లెక్క లేదు. పోయిన నిమిషాలు మాత్రం తిరిగి రావు. అప్పటి ఆటల్లో మూడు ప్రాణాలు, ఐదు ప్రాణాలు అని లెక్కగట్టి ఇచ్చే అలవాటు బాగా నాటుకుని ఉంది. అది నాణేలు మింగే యంత్రాల నుంచి వచ్చిన ఆచారం. ఇక్కడ పోగొట్టుకునేది సమయం ఒక్కటే. అందువల్ల మొదటిసారి ఆడినవాడు ఎవడూ గడువులో చేరడు. తెలుసుకున్న దారిని మళ్లీ నడుస్తాడు, ఈసారి శుభ్రంగా. ఒక గది మొదట భయపెడుతుంది, తర్వాత అర్థమవుతుంది, ఆ తర్వాత అందంగా దాటడం వస్తుంది. పరుగు ఆపకుండా పడే పలక మీంచి దూకి, అంచు అందుకుని, ఎక్కి, మూసుకుంటున్న గేటు కింద దూరిపోయినప్పుడు, ఎక్కడో ఒక పార్కింగ్ స్థలంలో దూకిన ఆ కుర్రాడి ఒళ్లు మన ఒళ్లయిపోతుంది.

నాలుగేళ్లు పట్టిన ఈ పనికి మొదట్లో ఆదరణ అంతంతమాత్రం. ఆట వచ్చేసరికి ఆపిల్ టూ కాలం చెల్లిపోతోంది. డాస్, మాకింటాష్, ఇంకా అనేక యంత్రాల మీదికి వెళ్లాకే దాని విలువ లోకానికి తెలిసింది. 2003లో యూబీసాఫ్ట్ 'శాండ్స్ ఆఫ్ టైమ్' పేరుతో దాన్ని కొత్తగా తీసింది. ఆ వరసలో మరో ఆటకోసం మొదలైన పనిలోంచే 2007లో 'అసాసిన్స్ క్రీడ్' పుట్టింది. గోడలు పాకి, కప్పుల మీద పరిగెత్తే ఆటలు ఇవాళ ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటిలో నాయకుడు దగ్గరలో ఉన్న అంచుని తనే వెతుక్కుని పట్టేసుకుంటాడు. ఆడేవాడు పడిపోకూడదని ఆట అంత శ్రద్ధ తీసుకుంటుంది. హాయిగానే ఉంటుంది కానీ పడిపోతానన్న భయం లేనిచోట అంచు అందిందన్న సంతోషం కూడా పలచబడుతుందని నా ఫిర్యాదు.

2012లో మెక్నర్ తండ్రి ఇంట్లో పాత సామాను సర్దుతుంటే ఒక డబ్బాలో ఫ్లాపీలు దొరికాయి. ఎన్నాళ్లుగానో పోయిందనుకున్న ఆపిల్ టూ అసలు ప్రోగ్రాం అందులో ఉంది. పాత యంత్రాలు తెలిసినవాళ్ల సాయంతో దాన్ని చదివించి, మెక్నర్ అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ సంవత్సరాల్లో రాసుకున్న డైరీలు కూడా పుస్తకంగా వచ్చాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలు ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎంతో లాభం.

ఆడనివాళ్లు, ఎప్పుడో ఆడి మరిచిపోయినవాళ్లు కూడా ఒకసారి ఆ పాత డాస్ రూపాన్నే వెతికి పట్టుకోండి. దారి చెప్పే వీడియోల జోలికి పోవద్దు. కత్తి వెతకడానికి బయల్దేరే ముందు, ఖాళీగా ఉన్న మొదటి గదిలో కాసేపు ఊరికే పరిగెత్తించి, ఆపి, వెనక్కి తిప్పి చూడండి. ఆపిన ప్రతిసారీ మీ వేలి కింద ఒక మనిషి బరువు తెలుస్తుంది.